నడుం నొప్పికి కుర్చీ ఒక్కటే కారణమా?

"రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకే నడుం నొప్పి ఎక్కువా?" అని అడిగారు. కాదండీ. ఎవరికి నడుం పట్టేసినా నింద కుర్చీ మీదకే పోతుంది. నిద్రలేమినీ టెన్షన్‌నూ ఎవరూ పట్టించుకోరు. నా బాధంతా అదే.

నాకు మొదటిసారి నడుం పట్టేసింది ఇంట్లోనే. నేల మీద పడ్డ సాక్సు తీద్దామని వంగాను, కలుక్కుమంది. పైకి లేవలేను, కిందికి కూర్చోలేను. వాషింగ్ మెషీన్ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాను. తుమ్ము వస్తుందేమోనని హడలిపోయాను. ఆ రాత్రి పక్కకి ఒత్తిగిలాలన్నా ముందు మోకాళ్లు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి, మంచం పట్టె పట్టుకుని తిరగాల్సి వచ్చింది. సాక్సు బరువెంతని! నెలల తరబడి నాన్నగారి అనారోగ్యం, రాత్రుళ్లు జాగారం, పగలు ఆఫీసులో గొడవలు. వీటివల్లే నా నడుం పట్టేసిందని గట్టిగా నమ్ముతాను. ఫిజియోథెరపిస్ట్ కూడా ముందు అడిగింది నా నిద్ర గురించే.

2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని అంచనా. వాళ్లంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు కాదు కదా! బరువులెత్తే పనులు, అస్తమానం వంగి చేసే పనులు, ఊబకాయం, పొగతాగడం ముప్పు పెంచుతాయి. సిగరెట్టుకీ నడుముకీ ఏం సంబంధం అంటారు చాలామంది. వెన్నుపూసల మధ్య డిస్కుల్లో రక్తనాళాలు దాదాపు ఉండవు, చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషకాలే వాటికి ఆధారం. పొగ ఆ కాస్త సరఫరాకీ అడ్డుపడుతుందంటారు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఈ నొప్పి ఎక్కువ. ఇక ఇదివరకు ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. ఎమ్మారై రిపోర్టులో "డిస్క్ అరిగింది" అని చూసి మనుషులు సగం కుంగిపోతున్నారు. నొప్పే లేని యాభై ఏళ్లవాళ్లకు తీసినా నూటికి 80 మందిలో ఆ అరుగుదల కనిపిస్తుంది! ఆ ముక్క ఎవరూ విడమరిచి చెప్పరు. పైగా "మంచం దిగకు" అని చుట్టాల సలహా ఒకటి. ఓర్చుకోగలిగినంత మేర తిరుగుతుంటేనే త్వరగా కోలుకుంటాం, నాకు తగ్గింది అలాగే. కాళ్లలో పట్టు తగ్గినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.