కోల్ట్ రివాల్వర్ల భాగాలు నిజంగా ఒకదానికొకటి సరిపోయేవా?

పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ తుపాకుల తయారీదారు శామ్యూల్ కోల్ట్ కర్మాగారంలో ఒక రివాల్వర్ భాగాన్ని తీసి మరో రివాల్వర్‌లో యథాతథంగా బిగించగలిగేవారన్నది నిజమేనా అని అడిగారు. కొంతవరకే నిజం.

బాలానగర్‌లో కొన్నేళ్లు టూల్‌రూములో (యంత్రాలకు కావలసిన పనిముట్లు, అచ్చులు చేసే విభాగంలో) పనిచేసి, తరువాత అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో స్థిరపడిన నాకు ఈ సంగతి హార్ట్‌ఫర్డ్‌లోని రాష్ట్ర చరిత్ర మ్యూజియంలో, ఒక అద్దాల పెట్టె ముందు నిలబడినప్పుడు బోధపడింది. అక్కడి పాత రివాల్వర్ గొట్టం మీద, చట్రం మీద, ట్రిగ్గర్ గార్డు మీద ఒకే నంబరు పంచ్ కొట్టి ఉంది. ఏ ముక్కయినా ఎక్కడైనా కుదిరేటట్లయితే ఆ అవసరమే ఉండదు. యంత్రం మీద దాదాపు పూర్తయిన ముక్కలకు పనివాళ్లు చివర ఆకురాయి పట్టి, జత కుదిర్చి, గట్టిపరచడానికి విడదీసినా మళ్లీ అవే కలవాలని నంబరు వేసేవారు. ఆ చేతిపని విలువ టూల్‌రూములో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కోల్ట్ 1836లో పేటెంటు పొంది, న్యూజెర్సీలోని పాటర్సన్‌లో పెట్టిన మొదటి కంపెనీ 1842లో మూతపడింది. టెక్సస్ రేంజర్‌గా (టెక్సస్ సరిహద్దు రక్షణ దళ సభ్యుడిగా) పేరుపొందిన కెప్టెన్ శామ్యూల్ వాకర్ సూచనలతో మెరుగుపరచిన రివాల్వర్లు వెయ్యి కావాలని 1847లో సైన్యం ఆర్డరు ఇచ్చేనాటికి ఆయనకు సొంత కర్మాగారమే లేదు; ఎలీ విట్నీ జూనియర్ కర్మాగారంలో చేయించి ఇచ్చాడు.

ఆ తరువాత కోల్ట్ హార్ట్‌ఫర్డ్‌లో పెట్టిన సొంత కర్మాగారంలో 1849లో సూపరింటెండెంటుగా చేరిన ఎలిషా రూట్‌కు దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం. ఒక్కొక్క పనికి ఒక్కొక్క యంత్రాన్ని అమర్చి, ఆకురాయి పనిని వీలైనంత తగ్గించినది ఆయనే. ఫ్రాన్సిస్ ప్రాట్, ఏమోస్ విట్నీ అక్కడ పనిచేసినవారే. ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో నేడు విమాన ఇంజిన్లు తయారు చేసే సంస్థ వారి పేరునే మోస్తున్నది.

కోల్ట్ 1862లో, 47వ ఏట మరణించాడు. రెండేళ్లకు, 1864 ఫిబ్రవరిలో, నీలి గుమ్మటంతో సహా కర్మాగారం ప్రధాన భవనం కాలిపోయింది. భార్య ఎలిజబెత్ దానిని గుమ్మటంతోనే మళ్లీ కట్టించి, 1901 వరకు కంపెనీని తన కుటుంబం చేతిలోనే నిలబెట్టింది. భర్త, బిడ్డల స్మారకంగా ఆమె కట్టించిన గుడ్ షెపర్డ్ చర్చి కర్మాగారానికి దగ్గరలోనే ఉంది. పనివాళ్ల కోసం ఉద్దేశించిన ద్వారం చుట్టూ రాతిలో పిస్తోలు పిడులు, సిలిండర్లు చెక్కి ఉన్నాయి. తీగలూ ఆకులూ అనుకుని దగ్గరికి వెళ్లిన నేను వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపడుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.