టెక్ సందేహాలు: ‘ఆధారం: గూగుల్’ అని రాస్తే సరిపోతుందా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. బడుల్లో ప్రాజెక్టు పనులు, విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత గ్రంథాలు సమర్పించే రోజులు కాబోలు, ఆధారాలను ఎలా సేకరించాలి, వాటిని రాతలో ఎలా చూపాలి అని ఉపాధ్యాయులూ విద్యార్థులూ అడిగారు. అందుకే ఫోన్లు, బ్యాటరీల సంగతి వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను.

ప్రశ్న: నేను కృష్ణా జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. దివిసీమ ఉప్పెన గురించి ఒక్క పేరా రాసి, ఆధారాలు చూపమని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాను. సగానికి పైగా పిల్లలు ఒకే పేరాను దించి, కింద ‘ఆధారం: గూగుల్’ అని రాశారు. ఇలాంటి పని నేర్పడానికి మంచి యాప్ ఏదైనా ఉందా? – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: యాప్ సంగతి తరువాత చెబుతానమ్మా. మీ పిల్లల పొరపాటు పేరా రాసేటప్పుడు జరిగింది కాదు, అంతకు ముందు నోట్సు రాసుకోకపోవడం వల్ల జరిగింది. గూగుల్‌ను ఆధారంగా చూపడమంటే, ఏ పుస్తకంలో చదివావని అడిగితే గ్రంథాలయంలోని బీరువాను చూపించడం లాంటిది. గూగుల్ వెతికి పెడుతుంది, చెప్పినవారు వేరే ఉంటారు. ఆ చెప్పినవారి పేరును చదివినప్పుడే రాసుకోకపోతే, పేరా పూర్తయ్యాక ఎంత వెతికినా దొరకదు. అప్పుడు పిల్లవాడికి గుర్తుండేది ‘గూగుల్’ ఒక్కటే.

కాబట్టి ముందుగా గూగుల్ షీట్స్‌లో గాని, బడి కంప్యూటర్లలో లిబ్రే ఆఫీస్ ఉంటే అందులోని క్యాల్క్‌లో గాని నాలుగు నిలువు వరుసల పట్టిక ఒకటి చేయించండి. మొదటి వరుసలో ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ పుటలో లేదా ఏ లింకులో అన్నది. రెండో దానిలో వారి మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, కొటేషన్ గుర్తుల మధ్య. మూడో దానిలో అదే సంగతి పిల్లవాడి సొంత మాటల్లో. నాలుగో దానిలో అది తన పేరాలో దేనికి పనికొస్తుందో చెప్పే ఒక్క వాక్యం ఉండాలి. మూడో వరుస నింపేటప్పుడు రెండో వరుసను దాచేయమనండి. దాని తలకట్టు మీద కుడి క్లిక్ చేసి ‘హైడ్ కాలమ్’ నొక్కితే చాలు. ఎదురుగా చూస్తూ రాస్తే రెండు మాటలు అటూ ఇటూ మారతాయే తప్ప అది సొంత వాక్యం కాదు. ఈ ఒక్క క్లిక్కు చేసే మేలు ఖరీదైన సాఫ్ట్‌వేర్లు కూడా చేయవని నా అభిప్రాయం.

మీరు ఇచ్చిన అంశం దీనికి అతికినట్టు సరిపోయింది. 1977 నవంబరు 19 నాటి ఆ ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారని కొన్ని చోట్ల, 14,000కు పైగా అని మరికొన్ని చోట్ల, 50,000 దాకా ఉండవచ్చని ఇంకొన్ని చోట్ల కనిపిస్తుంది. మొదట దొరికిన అంకెను రాసేసి చేతులు దులుపుకోవడం పిల్లలకు అలవాటు. మూడు అంకెలూ పట్టికలో ఒకదాని కింద ఒకటి కనిపిస్తే మాత్రం, ఎందుకిలా అన్న ప్రశ్న ఎవరూ అడగకుండానే పుడుతుంది. పేరా మొదలయ్యేది అక్కడే. మచ్చుకు ఒకటి రాసి చూపిస్తాను.

“1977 నాటి దివిసీమ ఉప్పెనలో ఎంతమంది మరణించారన్న విషయంలో ఆధారాలు ఏకీభవించడం లేదు. మొదటి మూలం సుమారు 10,000 మంది అంటే, రెండో మూలం ఆ సంఖ్య 50,000 దాకా ఉండవచ్చంటోంది. కొన్ని ఇళ్లలో లెక్క చెప్పడానికైనా ఎవరూ మిగల్లేదని నాగాయలంకలో ఉండే మా అమ్మమ్మ నాతో అన్నారు. కాబట్టి చిన్న సంఖ్యలో కొందరు లెక్కకు రాకుండా పోయి ఉండవచ్చని నేను అనుకుంటున్నాను.”

మొదటి మూలం, రెండో మూలం అన్నచోట పిల్లలు అసలు పేర్లు, సంవత్సరాలు రాయాలి. ఈ పేరాలో మొదటి వాక్యం పిల్లవాడిది, రెండోది మూలాలది, మూడోది అమ్మమ్మది, నాలుగోది మళ్లీ పిల్లవాడిది. తరగతిలో ప్రొజెక్టర్ ఉంటే గూగుల్ డాక్స్‌లో హైలైట్ రంగులు వాడి, తమ మాటలకు పసుపు, ఇతరుల మాటలకు నీలం పూయించండి. పేరా అంతా నీలమైతే అది దించిన రాత, అంతా పసుపైతే ఆధారం లేని రాత. రంగు పూసేటప్పుడే ‘ఈ వాక్యం ఎవరిది టీచర్?’ అని పిల్లలు తడబడే చోటు ఒకటి ఉంటుంది. మీరు పాఠం చెప్పవలసింది ఆ వాక్యం దగ్గరే. ఇంకొక మాట: అమ్మమ్మ చెప్పింది లెక్క తేలడం ఎందుకు కష్టమో చూపిస్తుందే గాని, 50,000 అన్న అంకెను రుజువు చేయదు. చివరి వాక్యంలో ‘ఉండవచ్చు’ అన్న మాట అందుకే ఉంది, దాన్ని పిల్లలు కొట్టివేయకుండా చూడండి. పెద్దల మాటలను వారి అనుమతితో ఫోన్ రికార్డరులో భద్రపరచి, తేదీతో సహా పట్టికలో చేర్చితే అదీ మూలమే అవుతుంది.

ఇక యాప్. కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్ తెరిచి ‘టూల్స్’ మెనూలో ‘సైటేషన్స్’ నొక్కితే పుస్తకం, వెబ్‌సైటు వంటి మూలాల వివరాలు నింపే పలక కుడి పక్కన తెరుచుకుంటుంది. ఎమ్‌ఎల్‌ఏ, ఏపీఏ, షికాగో అనే ఆధారాలు రాసే పద్ధతుల్లో ఏది కోరితే అందులో జాబితా తయారవుతుంది. తొమ్మిదో తరగతికి ఇది చాలు. పత్రికల లింకులు కొన్నాళ్లకు పనిచేయకుండా పోతుంటాయి కనుక, వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైటులోని ‘సేవ్ పేజ్ నౌ’ గడిలో లింకు అతికించి, అది ఇచ్చే కొత్త లింకును కూడా పట్టికలో రాయించండి.

ప్రశ్న: వికీపీడియాను ఆధారంగా చూపవచ్చా?

జవాబు: చదవడం మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు, చూపడానికి మాత్రం వ్యాసం అడుగున ఉన్న మూలాలను తెరిచి, చదివి, వాటిని చూపండి. తెరవకుండా అక్కడి జాబితాను దించుకుంటే అది కూడా ఒక రకం నకలే.

ప్రశ్న: పరిశోధన కోసం జొటేరో వాడుతున్నాను. తెలుగు రచయితల పేర్లలో ఇంటిపేరు, అసలు పేరు తారుమారవుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: జొటేరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన, చదివిన మూలాల వివరాలను దాచి ఆధారాల జాబితా తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్. రచయిత పేరును రెండు ముక్కలుగా అడగడం దాని అలవాటు. ఇంటిపేరు ముందు రాసే మన పద్ధతి దానికి తెలియదు. పేరు గడి పక్కనే రెండు గడులను ఒకటిగా మార్చే చిన్న బొత్తం ఉంటుంది. దాన్ని నొక్కి, పుస్తకం అట్ట మీద ఉన్నట్టే పూర్తి పేరు ఒకే గడిలో రాయండి, ఇక జాబితాలో అది తిరగబడదు. పుస్తకానికి ఉండే ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు సంఖ్య ఇస్తే కొత్త పుస్తకాల వివరాలు చాలావరకు వాటంతటవే వస్తాయి గాని, పాత తెలుగు పుస్తకాలకు ఆ సంఖ్యే ఉండదు, చేత్తో నింపక తప్పదు. జొటేరో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే 300 ఎంబీ స్థలం పీడీఎఫ్‌ల వంటి జోడింపు ఫైళ్లకే వర్తిస్తుంది, పుస్తకాల వివరాలకు కాదు.

ప్రశ్న: తెలుగు పీడీఎఫ్‌ నుంచి ఒక వాక్యం కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.

జవాబు: ఆ ఫైలు బహుశా యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పద్ధతి) పాటించని పాత ఫాంట్లతో కూర్చినది. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే అక్షరాల సంకేతాలు. మీకు కావలసిన పుటను మాత్రం బొమ్మగా తీసి గూగుల్ డ్రైవ్‌లో చేర్చండి. దాని మీద కుడి క్లిక్ చేసి ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకుంటే బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. ఒత్తులు, అంకెలు తప్పుగా చదివే ప్రమాదం ఉంది కనుక, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టే ముందు మూలంతో అక్షరమక్షరం సరిచూసుకోండి.

ప్రశ్న: చాట్‌జీపీటీ ఇచ్చిన మూడు ఆధారాల్లో ఒక్కటి కూడా గ్రంథాలయంలో దొరకలేదు.

జవాబు: దొరకకపోవడంలో వింత లేదు, అవి బహుశా లేనే లేవు. అలాంటి యంత్రం ఏ మాట తరువాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి వాక్యాలు అల్లుతుంది కనుక, నిజమైన రచయిత పేరును, నమ్మదగిన పత్రిక పేరును, ఎవరూ రాయని వ్యాసం శీర్షికను కలిపి ఇవ్వగలదు. ఇలాంటి లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులకూ వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. వ్యాసానికి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇస్తే, అది 10తో మొదలవుతుంది, దాన్ని డీఓఐ డాట్ ఆర్గ్‌లో అతికించి చూడండి. తెరుచుకోకపోయినా, వేరే వ్యాసం తెరుచుకున్నా పక్కన పెట్టేయండి. తెరుచుకున్నదైనా మీరు చదివితేనే మీ ఆధారం.

ప్రశ్న: నా సిద్ధాంత గ్రంథానికి నకలును పట్టే సాఫ్ట్‌వేర్ ఇతర రాతలతో 18 శాతం పోలిక చూపింది. అంటే నేను దొంగిలించినట్టా?

జవాబు: కాదు, ఆ అంకె పోలికను కొలుస్తుంది, దొంగతనాన్ని కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఆధారం చూపి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన మాటలను, గ్రంథసూచిని, విషయసూచికను, 14 వరుస పదాల లోపు ఉన్న సాధారణ పోలికలను లెక్క నుంచి మినహాయించాలి. అలా మినహాయించాక 10 శాతం లోపు ఉంటే చర్య లేదు. 10 దాటి 40 లోపు ఉంటే, ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది మళ్లీ సమర్పించమంటారు. కాబట్టి ముందుగా ఆ నివేదికలో మినహాయింపులు అమలు చేశారో లేదో మీ గ్రంథాలయాధికారిని అడగండి. తరువాత రంగు పడిన ప్రతి వాక్యాన్నీ విడిగా చూసి, కొటేషన్ గుర్తులు మరిచినవాటికి గుర్తులు పెట్టండి. సొంతం అనుకుని మూలం మాటలే రాసినవాటిని మూలం మూసి మళ్లీ రాయండి. పదాలను పర్యాయపదాలతో మార్చే ఉచిత సైట్ల జోలికి మాత్రం పోవద్దు. అవి ‘నీటిపారుదల’ను ‘జల ప్రవాహ పంపిణీ’గా మార్చి శాతం తగ్గిస్తాయేమో గాని, ఆ వాక్యాన్ని మీ పర్యవేక్షకులు మొదటి చూపులోనే పట్టుకుంటారు.