ఋషికేశ్‌కు బయలుదేరుతున్న మేనకోడలికి

కాకినాడ,
ముక్కనుమ రోజు

చిరంజీవి మాధవికి అత్త ఆశీర్వదించి రాయునది.

మొన్న రాత్రి పదింటికి మీ అమ్మ ఫోను చేసింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే నాకు కాళ్లలో వణుకు పుడుతుంది. ఎవరికేమయిందోనని ఎత్తితే, "మీ మేనకోడలు ఉద్యోగం మానేసి సన్యాసుల్లో కలుస్తోంది వదినా" అని ఒకటే ఏడుపు. అసలు సంగతి రాబట్టేసరికి పావుగంట పట్టింది. ఋషికేశ్‌లో ఇరవై ఎనిమిది రోజులు ఉండి, రెండు వందల గంటల యోగా టీచరు శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్టు తెచ్చుకుంటావట. మీ అమ్మకు ధైర్యం చెప్పి ఫోను పెట్టేశాను. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

వేసవి సెలవుల్లో నా వెంట హాలుకు వచ్చేదానివి, గుర్తుందా? శవాసనం అనగానే అందరికన్నా ముందు పడుకుని, ఓంకారం అయిపోయి చాపలు చుట్టేసినా లేచేదానివి కాదు. ఆ ఏడేళ్ల పిల్ల ఇప్పుడు పదిమందికి నేర్పుతానంటోంది. చీకట్లో నాలో నేనే నవ్వుకున్నాను. ఆ వెంటనే కోపమూ వచ్చింది. 1999 నుంచి ఈ పనే చేస్తున్న అత్త ఒకతె ఉందని, డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగాలని నీకు తోచలేదా? సరే, ఆ కోపం ఇక్కడికి ఆపుతున్నాను. మధ్యలో మళ్లీ వస్తే ఓర్చుకో.

ముందు చిన్న సంగతులు. ఫిబ్రవరిలో అక్కడ తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, శాలువా, ఉన్ని మేజోళ్లు పెట్టుకో. రైలులో వెళితే యోగనగరి ఋషికేశ్ స్టేషన్లో దిగొచ్చు, విమానమైతే డెహ్రాడూన్ వాళ్ల జాలీ గ్రాంట్‌లో దిగాలి. ఊరంతా శాకాహారమే. ఆశ్రమాల వంటల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. నాలుగో రోజుకు నీకు అన్నం, మజ్జిగ మీదికి ప్రాణం పోతుంది. కందిపొడి పట్టుకెళ్లు. ఆవకాయ వద్దు. నేను శిక్షణకు వెళ్లినప్పుడు పెట్టె అడుగున చీరల మధ్య ఆవకాయ సీసా దాచుకుని వెళ్లాను. నా గదిలోని ఇద్దరు మరాఠీ అమ్మాయిలు వారం తిరక్కుండా ఊటతో సహా ఖాళీ చేశారు. సాత్విక ఆహారం మీద పాఠం వింటూ ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

జలనేతికి, అదే ముక్కును నీళ్లతో కడుక్కునే క్రియకు, కాచి చల్లార్చిన నీళ్లే వాడు, కుళాయి నీళ్లు ముక్కులోకి పోనివ్వకు. ఉప్పునీళ్లు తాగించి పేగులు కడిగించే శంఖప్రక్షాళనం చేయించిన రోజు నెయ్యి వేసిన కిచిడీ పెడతారు, రుచి లేదని మానకుండా తిను. ఆ రోజు మీ అమ్మకు మాత్రం ఏమీ వివరించి చెప్పకు.

సర్టిఫికెట్టు సంగతి. నీ కాగితం మీద యోగా అలయన్స్ పేరు ఉంటుందని చెప్పావట. అది అమెరికాలోని లాభాపేక్ష లేని సంస్థ, బళ్లనూ టీచర్లనూ నమోదు చేసుకుంటుంది. విదేశాల్లో నేర్పాలంటే ఆ పేరు పనికొస్తుంది. అది ప్రభుత్వం ఇచ్చే పట్టా అని మాత్రం అనుకోకు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు 2018లో వచ్చింది. వాళ్లు వేరే పరీక్ష పెడతారు, రాతపరీక్ష ఒకటి, చేసి చూపించి నేర్పించేది ఒకటి. తిరిగొచ్చాక చదువు తడి ఆరకముందే అదీ రాసెయ్యి. ఇంకొక లెక్క చెబుతాను, నువ్వు కంప్యూటర్ల దానివి కాబట్టి త్వరగా ఎక్కుతుంది. ఇరవై ఎనిమిది రోజుల్లో నాలుగు ఆదివారాలు తీసెయ్యి. మిగిలింది ఇరవై నాలుగు రోజులు. అందులో రెండు వందల గంటలంటే రోజుకు ఎనిమిది గంటల పైనే. పదేళ్లుగా కుర్చీలో కూర్చున్న ఒళ్లు నీది. ఇవాళ్టి నుంచే రోజూ గంటసేపు నేల మీద కూర్చోవడం మొదలుపెట్టు. అక్కడ పాఠాలు వినేటప్పుడు పిరుదుల కింద దుప్పటి మడత పెట్టుకో, పద్మాసనం పడనివాళ్లకు మోక్షం రాదని ఎక్కడా రాసి లేదు. కాలు తిరగాల్సింది తుంటి దగ్గర. తుంటి తిరగనప్పుడు బలవంతంగా మడిస్తే ఆ మెలిక పోయి మోకాలి మీద పడుతుంది. మోకాలు తలుపు బందులాంటిది, ఒకవైపే ఆడుతుంది.

ఇప్పుడు నా భయాలు. నవ్వకు.

గంగలో దిగితే ఘాట్ మెట్ల మీద, గొలుసు పట్టుకునే దిగు. తెల్లవారుజామున ఒంటరిగా ఇసుక తిన్నెల మీద ధ్యానానికి పోయి, అక్కడినుంచి నీళ్లలోకి కాళ్లు చాపకు. అది మన గోదావరిలా నిదానంగా నడిచే నీరు కాదు, కొండ మీది నుంచి దూకి వస్తుంది. పైన టిహరీ ఆనకట్టలో నీళ్లు వదిలితే కింద మట్టం పెరుగుతుంది. నాకు నీళ్లంటే భయమని మీ నాన్న ఇప్పటికీ వెక్కిరిస్తాడు. మన ఊరి రేవులో వాడు పాచి మెట్టు మీద జారి మునిగిపోతుంటే జుట్టు పట్టుకుని బయటికి లాగింది నేనే. అప్పుడు వాడికి నాలుగేళ్లు, నాకు తొమ్మిది. వాడికి గుర్తు లేదు. నాకు ఆ జుట్టు ఇప్పటికీ గుప్పిట్లో తగులుతుంది.

రెండోది. గురువు ఎంత గొప్పవాడైనా సరే, తలుపు మూసిన గదిలో ఒంటరిగా ప్రత్యేక సాధన అంటే వెళ్లకు. అందరి ముందూ చెప్పలేని విద్య నీకు అక్కర్లేదు. ఒంటి మీద చెయ్యి వేసినప్పుడు నీకు ఇబ్బంది అనిపిస్తే, అది నా అహంకారమేమో, నాలో శరణాగతి చాలలేదేమో అని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు. లేచి బయటికి రా. కట్టిన డబ్బు పోతే పోయింది, నేనిస్తాను.

చెయ్యి అన్నాను కాబట్టి, ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానో అది కూడా రాసేస్తాను. మీ నాన్నకు తెలియదు. మీ మామయ్యకు కూడా సగమే చెప్పాను.

ఇది జరిగేనాటికి నేను శిక్షణ నుంచి తిరిగొచ్చి రెండేళ్లయింది. సర్టిఫికెట్టు లామినేషన్ చేయించి కమ్యూనిటీ హాలు గోడకు తగిలించాను. పొద్దున ఆరింటి బ్యాచ్‌కు ముప్ఫై మంది వచ్చేవారు. వాళ్లలో చీరలకు ఫాల్సు కుట్టే ఆవిడ ఒకరు. యాభై దాటిన మనిషి, రోజంతా మిషను మీద వంగి ఉండడంతో నడుము కొయ్యబారి ఉండేది. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో ఆవిడ వేళ్లకూ కాలి బొటనవేళ్లకూ మధ్య సరిగ్గా నాలుగు అంగుళాలు మిగిలేది. రోజూ అంతే. నాకు ఆ నాలుగు అంగుళాలు కంట్లో నలుసులా తయారయ్యాయి.

నా శిక్షణలో మా గురువుగారు నా వీపు మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా నొక్కేవారు. "ఇంకొంచెం" అనేవారు. నుదురు మోకాలికి తగిలిన రోజు నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను, అంత సంతోషం. అప్పటికి నా వయసు ముప్ఫై, ఎటు వంచితే అటు వంగే ఒళ్లు. నాకు మేలు చేసింది అందరికీ చేస్తుందనుకున్నాను. దసరా నాలుగు రోజుల్లోకి వచ్చిందనగా ఒక పొద్దున ఆవిడ వెనక మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ నడుము మీద పెట్టి, "శ్వాస వదలండి, ఇంకొంచెం" అన్నాను. ఆవిడ వంగింది. "ఇంకొంచెం." వేళ్లు బొటనవేళ్లకు తగిలాయి. నేను చప్పట్లు కొట్టాను, హాలంతా కొట్టింది.

ఆవిడ "హుష్" అని ఒక్క చిన్న శబ్దం చేసింది. నేను విన్నాను. విని కూడా ముందు వరుసలోకి వెళ్లిపోయాను.

మర్నాడు రాలేదు. పండుగ పనులనుకున్నాను. నాలుగో రోజు చీర ఇవ్వాలన్న వంకతో వాళ్లింటికి వెళితే, నేల మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. నొప్పి నడుములో మొదలై కుడికాలి వెనకగా మడమ దాకా దిగింది. డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని, మూడు నెలలు మిషను తొక్కవద్దని డాక్టరు చెప్పాడట. ఆవిడది కాలితో తొక్కే మిషను. దసరా చీరలు, దీపావళి చీరలు అన్నీ పక్క వీధికి పోయాయి. ఏడాదిలో ఆ రెండు నెలలే ఆవిడకు నాలుగు డబ్బులు చూసేది.

వాళ్లాయన నాకు కుర్చీ వేసి, "నీళ్ల బిందె ఎత్తిందండీ, ఎంత చెప్పినా వినదు" అన్నాడు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నావైపు చూడలేదు. డాక్టరుకూ బిందె అనే చెప్పిందట. మాధవీ, ఆ క్షణంలో నాకు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. హార్లిక్స్ సీసా అక్కడ పెట్టి, జాగ్రత్తలు చెప్పి, టీచరమ్మలాగే లేచి వచ్చేశాను. "బిందె కాదు, నా చేతులు" అని చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. చెప్పిన రోజు ఆవిడ దారం కొరుకుతూ, "మీరు నొక్కితే మంచికే అనుకున్నానండి, అందుకే ఆపమనలేదు" అంది. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

నేను చేసిన తప్పు ఏమిటో తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. నొక్కడం సరే, అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు అడగలేదు. రోజంతా ఏ పని చేస్తారు, ఎప్పుడైనా నడుము పట్టిందా, కాలు తిమ్మిరెక్కుతుందా అని చేరిన రోజే కనుక్కుని ఉంటే చాలు. మోకాళ్లు కొంచెం మడవమని, కింద దుప్పటి వేసి తుంటి దగ్గర నుంచి వంగమని చెబితే చాలు. కాలికి తువ్వాలు తగిలించి రెండు చేతులతో పట్టుకుంటే ఆ నాలుగు అంగుళాల గొడవే లేదు. వేళ్లు బొటనవేలికి తగిలితే ఆవిడకు ఒరిగేదేమిటి? తగలాలన్న ఆశ నాది. స్థిరసుఖమాసనమ్, అంటే ఆసనం స్థిరంగానూ సుఖంగానూ ఉండాలి అన్న పతంజలి సూత్రాన్ని మొదటి వారంలోనే నీచేత వల్లె వేయిస్తారు. అందులో సుఖం ఎవరిదో నేను ఆ రోజు చూసుకోలేదు.

అప్పటినుంచి నా తరగతిలో ఎవరినీ చేతితో నొక్కను. తప్పనిసరైతే "చెయ్యి వేయవచ్చా" అని అడుగుతాను. తల ఊపితే చాలదు, నోటితో చెప్పాలి. చేరేటప్పుడే రక్తపోటు, హెర్నియా, వెన్ను ఆపరేషను, నీటికాసులు (గ్లాకోమా), గర్భం అన్నీ అడిగి పుస్తకంలో రాసుకుంటాను. నీటికాసులు ఉన్నవాళ్లను తలకిందులు చేస్తే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ సంగతి తెలిసి ఆపినందుకు ఒక రిటైర్డ్ మాష్టారు నా మీద నెల రోజులు అలిగారు. అలగనీ.

అక్కడ ఆఖరి వారంలో నీచేత తరగతి చెప్పిస్తారు. నీ ముందు పడుకునేది నీ తోటి విద్యార్థులే, ఇరవై అయిదు, ముప్ఫై ఏళ్లవాళ్లు. ఏం చెప్పినా చేసేస్తారు, అద్భుతంగా నేర్పావని చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నమ్మకు. నీ అసలు విద్యార్థులు మోకాలు అరిగిన మామ్మలు, ప్రసవమైన నాలుగో నెల తల్లులు, పొట్ట అడ్డొచ్చే బ్యాంకు ఉద్యోగులు. వాళ్లు అక్కడ ఉండరు. అందుకని మీ గురువులను రోజుకు ఒక ప్రశ్న అడుగు: ఈ ఆసనం చేయలేనివాళ్లకు ఏం చెప్పాలి? విసుక్కుంటే విసుక్కోనీ. జవాబులు తెలుగులో రాసుకో. నేను వచ్చిన కొత్తలో ఊపిరి పీల్చమనడానికి "పూరకం చేయండి" అంటే ఒక మామ్మగారు "ఇప్పుడా, పూరీలా?" అంది.

ఖాళీ దొరికితే శివానంద ఆశ్రమానికి వెళ్లిరా. శివానందస్వామి తమిళనాడు మనిషి, సన్యాసం పుచ్చుకోకముందు మలయాలో, అంటే ఇప్పటి మలేసియాలో, డాక్టరు. అక్కడ కాసేపు కూర్చుంటే, ఆసనాలు వేసేముందు ఒళ్లు చూడాలన్న సంగతి నీకే గుర్తుకొస్తుంది.

మీ అమ్మకు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చెయ్యి, మౌనవ్రతం రోజున ఒక్క మెసేజ్ పెట్టు. ఆదివారం నాకు చెయ్యి. డబ్బు సంగతి మొహమాటపడకుండా చెప్పు. నువ్వు ఉద్యోగం మానేసినందుకు మీ నాన్న మాట్లాడకపోతే నేను మాట్లాడతాను, వాడి జుట్టు పట్టుకోవడం నాకు అలవాటే.

బయలుదేరేముందు రెండు రోజులు ఇటు రా. సంక్రాంతి చీరలకు ఫాల్సు కుట్టించాలి, వచ్చే శనివారం ఆవిడ ఇంటికి వెళుతున్నాను. ఇప్పటికీ ఆవిడ దగ్గరే కుట్టిస్తాను. మోటారు మిషను కొనుక్కుంది, ఎత్తు పీట మీద నిటారుగా కూర్చుని కుడుతుంది. రూపాయి ఎక్కువ ఇస్తే తిరిగి ఇచ్చేస్తుంది. నా తరగతికి మళ్లీ రాలేదు, నేను పిలవనూ లేదు. నువ్వు వస్తే ఇద్దరం కలిసి వెళదాం. నీ చీర కూడా ఒకటి తెచ్చుకో.

ఇట్లు,
మీ అత్త