తీగ తెగితే గేటు పడాలి

నౌపడ,
ఆదివారం

అమ్మలూ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. కాలేజీ ఎగ్జిబిషన్‌కి మన నౌపడ–గుణుపూరు చిన్నబండి మోడల్ చేస్తున్నావట, బండి వస్తే గేటు దానంతట అదే పడుతుందట. ముప్పయ్యేళ్లు సిగ్నల్ మెయింటెయినరుగా చేసిన తాతని ఇంట్లో పెట్టుకుని యూట్యూబ్‌ని అడిగావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. మీ నానమ్మకి మాత్రం "మన పిల్ల గేటు కడుతోందే" అని మూడుసార్లు చెప్పాను.

ఆ చిన్నబండి నడిచిన రోజుల్లో అసలు లైను వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 87వ వంతు స్కేలు పెట్టుకుంటే తొమ్మిది మిల్లీమీటర్లకి కాస్త తక్కువ వస్తుంది, కాబట్టి బొమ్మరైళ్ల ఎన్ గేజు పట్టా, అంటే తొమ్మిది మిల్లీమీటర్లది, సరిపోతుంది. గేటుకి వేరే 12 వోల్టుల అడాప్టరు పెట్టు. బండి నడిపే కంట్రోలరు నుంచి లాగావంటే బండి నెమ్మదించినప్పుడల్లా గేటు కూడా నీరసపడుతుంది. రిలే (అదే, కరెంటుతో కదిలే స్విచ్చు) కాయిలు మీద 1ఎన్4007 డయోడు, గీత ఉన్న వైపు ప్లస్‌కి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నాకు నిద్ర పట్టనిది ఇంకొకటి. నీ గేటు వైరు తెగితే గేటు లేచి ఉంటుందా, పడుతుందా? మీ నాన్నని అడిగితే "ఏమో నాన్నా" అన్నాడు. ఏమో ఏమిటి, నా పరువు పోయింది వాడి కళ్లముందే కదా!

1989లో వాడు ఏడో తరగతి. బడిలో సైన్సు ప్రదర్శన. పాలపొడి డబ్బాలు కత్తిరించి పట్టాలు చేశాను, వడ్రంగిపిట్ట చెట్టుని పొడిచినట్టు టకటకమనే పాత రిలే ఒకటి సంపాదించాను. బండి వచ్చి పట్టా పక్కన ఇత్తడి రేకుని నొక్కితే కరెంటు పారి, కాయిలు గేటుని కిందికి లాగాలి. డ్యూటీలో నేను రోజూ చూసేది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ బండి లేనప్పుడే పట్టాల్లో కరెంటు పారుతూ రిలేని ఎత్తిపెట్టి ఉంచుతుంది. బండి చక్రాలు రెండు పట్టాలనీ కలిపేస్తే రిలే పడిపోతుంది, సిగ్నలు ఎరుపవుతుంది. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా అంతే, ఎరుపే. 1872లో రాబిన్సన్ అనే అమెరికా ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి. అది తెలిసీ నేను ఇంట్లో తిరగేసి కట్టాను. ఎందుకంటావా? రిలేని అస్తమానం ఎత్తి ఉంచితే బ్యాటరీ అయిపోతుందని కక్కుర్తి. నాలుగు టార్చి సెల్లుల కక్కుర్తి!

పైగా ఒక చోట వైరుని సోల్డరు చెయ్యకుండా మెలితిప్పి వదిలేశాను. మోడల్‌ని వారం రోజులు వరండాలో ఉంచాం. మన ఉప్పుకొటార్ల గాలి నీకు తెలుసు కదా, గుమ్మం గడియకి కూడా చిలుము పడుతుంది. మెలిక లోపల పచ్చగా పట్టేసింది. పైకి కనపడలేదు.

మీ నాన్న అగ్గిపెట్టెతో ఎడ్లబండి చేసి గేటు ముందు నిలబెట్టాడు. హెడ్‌మాస్టరు, పిల్లలు, నా తోటి ఉద్యోగులు ఇద్దరు చుట్టూ ఉన్నారు. రైలు వచ్చింది, ఇత్తడి రేకు కిందికి వంగింది, గేటు మాత్రం కదల్లేదు. వాడు ఎడ్లబండిని తోసే లోపలే ఇంజను దాన్ని ఎగరేసింది. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు, ఏడవనూ లేదు. ఇంటికొస్తూ సైకిలు వెనకనుంచి అడిగాడు, "నాన్నా, మీ పెద్ద గేటు కూడా ఒక్కోసారి ఇలా చేస్తుందా?" ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మర్నాడు నా సెక్షనులో ప్రతి జాయింటూ విప్పి చూసుకున్నాను, ఎవరూ అడక్కపోయినా.

కాబట్టి నువ్వు ఇలా కట్టు. పట్టాకి ఒకవైపు ఇన్‌ఫ్రారెడ్ దీపం, ఎదురుగా రిసీవరు. కాంతి అందుతున్నంతసేపూ రిలే లేచి ఉండి, గేటు కాయిలుకి కరెంటిచ్చి గేటుని పైకి పట్టుకోవాలి. బండి అడ్డొస్తే వదిలెయ్యాలి, గేటు తన బరువుకే పడాలి. మోటారు పెట్టి దించకు. పాత సెమాఫోర్ సిగ్నళ్లలో, అంటే స్తంభం మీద రెక్క ఉండేవాటిలో కూడా, తీగ తెగితే రెక్క దానంతట అదే "ఆగు"కి వచ్చేసేది. కాంతిని పట్టాకి నిటారుగా కాక ఏటవాలుగా పంపు, లేకపోతే పెట్టెల మధ్య సందుల్లో గేటు ఎగిరెగిరి పడుతుంది. రోడ్డుకి అటూ ఇటూ రెండు జతలు పెట్టి, ఏది తెగినా గేటు పడేలా వరసలో కలుపు. వాటి మధ్య దూరం బండి పొడవు కన్నా తక్కువ ఉండాలి.

ఇందులోనూ ఒక దొంగ ఉన్నాడు. కిటికీలోంచి ఎండ రిసీవరు మీద పడితే, బండి అడ్డున్నా కాంతి ఉందనే అనుకుంటుంది. నల్ల స్ట్రా ముక్క తొడుగు, టేబులు కిటికీకి దూరంగా అడుగు. అసలు లైనులోనూ ఇలాంటి దొంగే ఉండేవాడు, పట్టా మీద తుప్పు. చక్రం ఉన్నా లేనట్టే ఉండేది. ఆ తుప్పుని తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి.

జాయింట్లన్నీ సోల్డరే, మెలికలొద్దు. చెయ్యి కాల్చుకోకు, కిందటిసారి పొంగడాల పెనం దగ్గర చూశాను నీ తొందర.

అంతా అయ్యాక గేటు పైకెత్తి ఉంచి, వైర్లు ఒక్కొక్కటీ పీకి చూడు. ప్రతిసారీ పడిందో లేదో కాగితం మీద రాసి నాకు ఫోన్ చెయ్యి. ఎనిమిది లోపు చెయ్యి, ఆ తర్వాత మీ నానమ్మ సీరియల్ గోలలో నాకేం వినపడదు.

ఇట్లు,
మీ తాతయ్య