నాచు గులాబీలో నాచు ఉందా?

సందేహం: నర్సరీలో రంగురంగుల పూల మొక్క ఒకటి కొన్నాను. చీటీ మీద ‘నాచు గులాబీ’ అని ఉంది. మా అమ్మ మాత్రం గడ్డి గులాబీ అంటుంది. బావిగట్టు మీద పట్టే నాచుకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? ఏ పేరు సరైనది?

సమాధానం: మీ అమ్మగారి మాటే రాయండి. ‘నాచు గులాబీ’ అనేది ఇంగ్లీషు ‘మాస్ రోజ్’కి మక్కికి మక్కి అనువాదం. నేలబారుగా, గుబురుగా అల్లుకుంటుందని వాళ్లు అలా పిలుచుకున్నారు. మన కంటికి ఆకు గడ్డిలా, పువ్వు గులాబీలా కనిపించింది. నిజానికది గడ్డీ కాదు, గులాబీ కాదు. కానీ మనవాళ్లు చూసి పెట్టిన పేరు, అందుకే నిలబడింది. ఆ మాటకొస్తే ‘గులాబీ’ మాత్రం? పారశీకంలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. పన్నీటి పేరు మన దగ్గర పువ్వుకు అంటుకుంది!

ఇక చుట్టరికం. ఈ మొక్క పోర్చులాకా గ్రాండిఫ్లోరా, పుట్టిల్లు దక్షిణ అమెరికా. మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూరకు చాలా దగ్గరి బంధువు. నమ్మకం లేకపోతే రెండిటి ఆకులూ చిదిమి చూడండి, రెండూ నీటితో కండగా ఉంటాయి. దీనికి ఎండ కావాలి. మబ్బు పడితే పువ్వు సరిగా విచ్చుకోదు.

నాచుది పూర్తిగా వేరే కాపురం. ఇంటర్ వృక్షశాస్త్రంలో చదివే ఫ్యునేరియా అనే నాచునే తీసుకోండి. నీడా చెమ్మా ఉన్నచోట పెరుగుతుంది. అసలైన వేళ్లు లేవు, పువ్వు లేదు, గింజ లేదు. సన్నటి కాడ కొసన చిన్న గుళిక, అందులో గింజలకు బదులు పొడిలాంటి సిద్ధబీజాలు (స్పోర్లు), అంతే. కాబట్టి ‘నాచు పూసింది’ అని రాస్తే తప్పే.

అసలు చిక్కు వేరే ఉంది. వాడుకలో నాచు అంటే గోడమీది మాసూ అదే, చెరువులో తేలే పచ్చటి తెట్టూ అదే. సముద్రపు నాచు కూడా ఉంది. పాచి కూడా ఇంతే, ‘పచ్చ’కు దాయాది మాట. పాఠ్యపుస్తకాల్లో తెట్టునూ సముద్రపు నాచునూ శైవలాలంటారు, గోడమీదిదాన్ని మాస్ అంటారు. సైన్సు వ్యాసమైతే ఆ తేడా పాటించండి. కాలు జారిన సంగతి రాసేటప్పుడు మాత్రం ‘నాచు మీద’ అంటే చాలు, అది మాసో శైవలమో ఎవరూ అడగరు.