పంపు తిప్పినప్పటి నుంచే టైమా?

ప్రశ్న: మాది టెక్కలి. పడమటి తీరంలోని ఒక ఎల్ఎన్‌జీ (చల్లబరచి ద్రవంగా మార్చిన సహజవాయువు) టెర్మినల్‌లో గ్యాస్ కొనే కంపెనీ తరఫున షిప్పుల కాగితాలు చూస్తుంటాను. కాంట్రాక్టులో అన్‌లోడింగ్‌కు 36 గంటలు ఇచ్చారు. ఉదయం 6కి రావాల్సిన షిప్పు తెల్లవారుజామున 2కే లంగరేసి, వచ్చాం, సరుకు దింపడానికి సిద్ధం అని నోటీసు ఇచ్చేసింది. జెట్టీలో మా ఇంకో షిప్పు ఉంది. అది సాయంత్రం 4కి గానీ కదల్లేదు. సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా గ్యాస్ షిప్పుల్ని కదపకూడదని పోర్టు రూలు. మర్నాడు 7కి కట్టారు, 10కి పంపింగ్ మొదలైంది, మూడో రోజు ఉదయం 8కి ఆర్మ్స్ (షిప్పును ఒడ్డు లైన్లకు కలిపే గొట్టాలు) విప్పారు. మొత్తం 54 గంటలు, 18 గంటల డెమరేజ్ (ఇచ్చిన టైమ్ దాటితే షిప్పుకు కట్టే ఆలస్యపు సొమ్ము) కట్టమంటున్నారు. పంపింగ్ 22 గంటలే, పైసా ఇవ్వక్కర్లేదని మా మేనేజర్ గారు. ఎవరిది రైటు?

జవాబు: ఇద్దరిదీ కాదు. పలాసలో జీడిపిక్కల లారీ హాల్టింగ్ పేచీ చూశారుగా? గేటు ముందు ఆగినప్పటి నుంచి డ్రైవరు లెక్క, హమాలీ మొదటి బస్తా ఎత్తినప్పటి నుంచి షావుకారు లెక్క. అక్కడ రాత ఉండదు కాబట్టి గొంతు పెద్దదైనవాడిది గెలుపు. మీకు రాత ఉంది.

మీరు పంపిన క్లాజు చదివాను. ముందొచ్చిన నోటీసును షిప్పు రావాల్సిన ఉదయం 6కి ఇచ్చినట్టే చూడాలి. నోటీసు తర్వాత ఆరు గంటలు గడిచాక గానీ, షిప్పును జెట్టీకి కట్టేశాక గానీ, ఏది ముందైతే అప్పుడు టైమ్ మొదలు. ఎల్ఎన్‌జీ కాంట్రాక్టుల్లో తరచూ కనిపించే పద్ధతే ఇది. అంటే మీ గడియారం మొదటి రోజు మధ్యాహ్నం 12కి తిరగడం మొదలైంది. షిప్పువాళ్లు 10 గంటలు ఎక్కువ లెక్కేశారు. ఆగేది పంపు ఆపినప్పుడు కాదు, ఆర్మ్స్ విప్పినప్పుడు. అంటే 44 గంటలు. పంపింగ్‌నే చూస్తే లక్షా 70 వేల ఘనపు మీటర్ల షిప్పును గంటకు 12 వేల చొప్పున తోడినా 14 గంటలు చాలు. మిగతా టైమంతా మైనస్ 162 డిగ్రీల సరుకు కోసం ఆర్మ్స్ చల్లబరచడం, ముందూ వెనకా కొలతలు తీయడం, చివర్లో లైన్లు ఖాళీ చేయడం. 36 గంటలు ఇచ్చేది ఇవన్నీ కలిపే. మేనేజర్ గారు ఈ సంగతి వదిలేశారు.

ఇక అసలు పేచీ ఆ రాత్రి నిషేధంలో పోయిన పన్నెండు గంటలది. వాతావరణం, షిప్పు తప్పు, పోర్టు రాత్రి నిషేధం వల్ల పోయిన టైమ్ లెక్కలోకి రాదని మీ క్లాజు. అది తీసేస్తే 32 గంటలు, డెమరేజ్ లేదు. తీయకపోతే 8 గంటల బాకీ. ‘వల్ల’ అన్న ఒక్క మాట మీదే ఇదంతా ఆడుతుంది. జెట్టీ ఖాళీగా ఉంటే షిప్పు పగలే కట్టేది కదా? అప్పుడు టైమ్ పోయింది రాత్రి నిషేధం వల్లా, మీ ఇంకో షిప్పు వల్లా? ఆర్బిట్రేటరు (తీర్పు చెప్పే మధ్యవర్తి) ముందు ఇది మీకు బలహీనమైన వాదనేనని నా అభిప్రాయం. సాయంత్రం 4కి జెట్టీ ఖాళీ అయ్యాక షిప్పును జెట్టీకి నడిపించే పైలట్ ఎందుకు ఎక్కలేదో రాతలో ఉంటే కాస్త ఊపిరి ఆడుతుంది. షిప్పే తయారుగా లేదని అందులో తేలితే ఆ రాత్రి వాళ్ల ఖాతాలోకి పోతుంది.

8 గంటల డెమరేజ్‌కే రాజీ పడితే, అదనంగా ఆవిరైన గ్యాస్ ఖర్చు కూడా అడుగుతారేమో చూసుకోండి. చాలా కాంట్రాక్టుల్లో డెమరేజ్‌తో పాటు అదీ వేస్తారు.

కాంట్రాక్టుకు ఏ దేశ చట్టం వర్తిస్తుందో చివరి పేజీల్లో చూడండి. మన చట్టమైతే 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న రేటు గరిష్ఠ పరిమితి మాత్రమే. న్యాయమైన నష్టపరిహారమే ఇప్పిస్తారు. ఇంగ్లండు చట్టమైతే, చాలావాటిలో అదే ఉంటుంది, డెమరేజ్ ముందే ఒప్పుకున్న పరిహారం. నష్టం రుజువు చేయమని వాళ్లను అడగలేరు.

జీతానికి పనిచేసే మీరు సొంతంగా జవాబు రాయకండి. ఈలోగా రెండు కాగితాలు తీసి పెట్టుకోండి: ఇద్దరూ సంతకాలు చేసిన టైమ్ షీట్, ఆ సాయంత్రపు పైలట్ రికార్డు. క్లెయిమ్ పంపడానికి కాంట్రాక్టులో గడువు ఉంటే, వాళ్ల ఇన్‌వాయిస్ ఏ తేదీన అందిందో ఇన్‌వార్డు రిజిస్టరులో ఇవాళే చూడండి.