క్లాసు బోర్ అంటున్న పిల్లాడి నోట్సు ఒకసారి తీసి చూడండి

మీ అబ్బాయి టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకుని, ఇంటర్ ఎంపీసీలో చేరాక ఫిజిక్స్ క్లాసు బోర్ అంటున్నాడనీ, ఇది సాకా లేక బోర్ వల్ల నిజంగానే చదువు దెబ్బతింటుందా అనీ అడిగారు. గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కొన్నేళ్ళు ఫిజిక్స్ చెప్పాను కాబట్టి నేను చూసింది చెప్తాను.

దెబ్బతింటుందండీ. కాకపోతే అది ఏ రకం బోరో తెలుసుకోకుండా కేకలేస్తే ఉపయోగం లేదు. పాఠం ముందే వచ్చేసిన పిల్లాడూ ఆవలిస్తాడు, ఒక్క ముక్క అర్థం కానివాడూ ఆవలిస్తాడు. బోర్డు దగ్గర నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. పైగా ఆ వయసులో 'నాకు అర్థం కావట్లేదు' అనడం కన్నా 'బోర్' అనడం సులువు. పరువు పోదు.

నాకు తేడా తెలిసేది వాళ్ళ రన్నింగ్ నోట్స్ చూసినప్పుడు. ఒకమ్మాయి నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో, హెడ్డింగుల కింద ఎర్ర గీతలతో ఉండేది. ప్రక్షేపకాల పాఠం (విసిరిన వస్తువుల కదలిక) దగ్గర మాత్రం పేజీ పొడుగునా సైన్ తీటా (తీటా అంటే విసిరిన కోణం) ఉండాల్సిన చోట సైన్ సున్నా అని ఉంది. బోర్డు మీద తీటా మధ్య గీత సరిగ్గా పడి ఉండదు, తను చూసింది చూసినట్టు దించేసింది. సైన్ సున్నా విలువ సున్నాయే కాబట్టి ఆ లెక్కన విసిరిన బంతి అసలు పైకే లేవకూడదు! క్లాసులో అల్లరి చేయని, ఎప్పుడూ రాసుకుంటూ కనిపించే పిల్ల. వినడం ఎప్పుడో మానేసింది, చెయ్యి మాత్రం రాస్తూ పోతోంది.

ఇలా కావడానికి సోమరితనమే కారణమనుకోకండి. కొందరు టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషులో పడతారు. ఇంకోటి, ఫిజిక్స్‌లో వేగం, త్వరణం పాఠాలకే డెరివేటివ్స్ (ఒకటి ఎంత త్వరగా మారుతోందో కట్టే లెక్కలు) కావాలి. నేను చెప్పిన రోజుల్లో అవి ఫస్టియర్ రెండో మ్యాథ్స్ పేపరైన వన్‌బీలో ఏడాది చివర్లో గానీ వచ్చేవి కావు. ఈలోపు పిల్లలు గుడ్డిగా ఫార్ములా బట్టీ పట్టాల్సిందే. అలాంటి గంట బోర్ కొట్టకపోతే ఆశ్చర్యపోవాలి.

రెండో రకం వాళ్ళు ఐఐటీ ఫౌండేషన్ చదివి వచ్చినవాళ్ళు. నోట్సు సగం ఖాళీ, అక్కడక్కడా ఆన్సర్లు, మార్జిన్‌లో క్రికెట్ టీముల లిస్టులు. వీళ్ళ గురించి ఎవరూ కంగారుపడరు. తీరా భ్రమణ గమనం లాంటి కొత్త పాఠం వచ్చేసరికి వినే అలవాటే పోయి ఉంటుంది. చిత్రమేమిటంటే, అక్కణ్ణించి వాళ్ళూ పాఠం అర్థం కాని మొదటి రకంలోకే వచ్చిపడతారు.

రైన్‌హార్డ్ పెక్రూన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద చాలా పనిచేశారు. ఆయన బృందం యూనివర్సిటీ విద్యార్థులను ఒక విద్యా సంవత్సరం పాటు గమనించి 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. బోర్ వల్ల మార్కులు తగ్గుతాయి, తగ్గిన మార్కుల వల్ల బోర్ ఇంకా పెరుగుతుంది అని అందులో తేలింది. క్లాసులో నేను చూసిందీ అదే. అందుకే తొందరగా పట్టుకోవాలి.

వీకెండ్ టెస్టు ర్యాంకు పక్కన పెట్టి, క్లాసులో చేసిన ఒక లెక్క తీసి, పుస్తకం మూయించి, తెలుగులోనే చెప్పమనండి. మీకు ఫిజిక్స్ రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ నసుగుతున్నాడో తెలిసిపోతుంది. నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది టెన్త్ త్రికోణమితి దగ్గరే ఆగేవాళ్ళు, అది కొన్ని ఆదివారాలు కూర్చుంటే సర్దుకునే పని. గడగడా చెప్పేస్తే మాత్రం క్లాసులో చాప్టర్ చివరి కష్టమైన లెక్కలు చేసుకోనివ్వమని లెక్చరర్‌ని అడగండి. చాలామంది కాదనరు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మళ్ళీ ట్యూషన్ పెట్టించడం మాత్రం వద్దంటాను, అర్థంకాని పాఠమే రెండోసారి విన్నట్టవుతుంది.

లెక్చరర్‌తో 'మావాడికి మీ క్లాసు బోరట' అనకండి, ఏ బుద్ధిమంతుడైనా చిన్నబుచ్చుకుంటాడు. ఫలానా స్టెప్పు దగ్గర ఆగిపోతున్నాడని నోట్సు చూపించండి. అదీ పేరెంట్స్ మీటింగు రోజు కాదు, ఆ రోజు మాకు నీళ్ళు తాగే తీరిక కూడా ఉండదు. మామూలు రోజు లంచ్ టైములో వెళ్ళండి.